వేరు బతికే ఉంది



మన రాయచూరు జిల్లా హట్టిలో అడవి గురించి మాట్లాడాలంటే బంగారంతోనే మొదలుపెట్టాలి. రెండు వేల ఏళ్ళ కిందటే ఇక్కడ గనులు తవ్వారు. మందుగుండు లేని రోజులవి. రాతిని మంటతో కాల్చి, బీటలు వారాక పగలగొట్టేవారు. ఆ మంటలకు కట్టెలు ఇచ్చింది ఈ చుట్టుపక్కల చెట్లే కదా! ఆ బాకీ ఇంకా మన మీద ఉంది.

దాన్ని తీర్చాలని, పట్టాలు అందుకున్న మీలో కొందరు ఈ వానాకాలం మొక్కలు పట్టుకుని గుట్ట ఎక్కుతామంటున్నారు. ఎంతో సంతోషం. అయితే గుంట తీసే ముందు ఒకసారి వంగి నేల చూడండి.

చదువుకునే రోజుల్లో మేమూ ఒక గుట్ట మీద తుప్పలన్నీ కొట్టేసి నర్సరీ మొక్కలు నాటాం. ఎండలు ముదిరేసరికి అన్నీ మాడిపోయాయి. ఒక గుంట పక్కన మాత్రం, మేము నరికేసిన మోదుగ మొదలు నుంచి మూడాకుల పిలక లేచింది. మట్టి తీసి చూస్తే కింద వేరు నా ముంజేయంత లావుంది. మేకలు కొరికినా, నిప్పు కాల్చినా ఎన్నేళ్ళుగానో చావకుండా ఉంది. దాన్నే మేము తుప్ప అనుకున్నాం. ఆ రోజు పడ్డ సిగ్గు నన్నింకా వదల్లేదు.

అలాంటి వేళ్ళను కాపాడితే ఏమవుతుందో చూడండి. రాయలసీమలో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు 1990 ప్రాంతంలో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల గుట్టలకు ప్రాణం పోశారు. అది రాయచూరు కంటే తక్కువ వాన పడే సీమ. అక్కడ నాటారు, విత్తనాలూ చల్లారు. కానీ అడవిని నిలబెట్టింది కాపలా. ఎండాకాలం మంట పాకకుండా గడ్డి గీకి దారులు తీయడం, అంటుకుంటే పరుగెత్తి ఆర్పడం.

నాటాల్సిన చోట నారేపి, చండ్ర, కానుగ, రేగు లాంటి మన చెట్లే నాటండి. సర్కారు తుమ్మ, అదే మీ బళ్ళారి జాలి, దూరానికి పచ్చగానే ఉంటుంది కానీ దాని కింద గడ్డి సరిగా ఎదగదు. తంగేడును మాత్రం పీకకండి. మేకలు దాన్ని ముట్టవు, దాని చాటున చిన్న మొక్క బతికిపోతుంది.

జులైలో గుట్ట మీదికి చాలామంది వస్తారు. నాకు కావలసింది ఏప్రిల్లో వచ్చేవాళ్ళు. ఉద్యోగాలకు వెళ్ళేలోపు జట్లు కట్టుకోండి, ఫిబ్రవరి నుంచి మే దాకా కాపలా వంతులు రాసుకోండి. ఆ కాగితంలో ఒక వంతు నా పేరు మీద వేయండి. మంట ఆర్పడానికి పచ్చి కొమ్మ పట్టుకుని నేనూ వస్తాను.