చక్రాలు దిగని విమానం – మనకు నేర్పే పాఠం

(గొలుగొండలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడకుండా ఈయన విమానం చక్రాల గురించి మాట్లాడతాడేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉన్నారు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో జరిగిన ఘోర ప్రమాదం తరువాత మనవాళ్లు కొందరు ప్రయాణాలు మానుకున్నారు. మనుమరాలి బారసాలకు కూడా వెళ్లని వారున్నారు. "పైన ఏదైనా చెడితే ఇంక చేసేదేముంది? అంతా పైవాడి దయే" అంటున్నారు. పైవాడి దయ ఎలాగూ కావాలి. కాని చేసేదేమీ లేదన్న మాట నిజం కాదు. ఆ సంగతి విన్నవించడానికే ఈ ప్రసంగం.

నేను విమానం నడిపినవాణ్ణి కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. పత్రికల్లోనూ, విచారణ నివేదికల్లోనూ చదివిన విషయాలను, ఆఫీసులో నోట్ రాసినట్టు వరుసగా మీ ముందుంచుతాను.

మొదట మన దేశంలో జరిగిన సంగతి. 2021 మే 6వ తేదీన ఒక ప్రైవేటు సంస్థకు చెందిన చిన్న విమానం, బీచ్‌క్రాఫ్ట్ సి-90, ఎయిర్ అంబులెన్సుగా నాగపూర్ నుంచి బయల్దేరింది. లోపల ఒక రోగి, ఆయన బంధువు, ఒక డాక్టరు, నడిపేవారు ఇద్దరు, మొత్తం ఐదుగురు. నేల విడిచే సమయంలో ఒక చక్రం ఊడి కింద పడిపోయింది. కరోనా రెండో దఫా ఉధృతంగా ఉన్న రోజులవి. విమానాన్ని ముంబయికి మళ్లించారు. అక్కడ రన్‌వే మీద నురగ పరిచారు. ఫైరింజన్లు, అంబులెన్సులు సిద్ధంగా నిలబెట్టారు. ఆ రాత్రి విమానాన్ని పొట్ట మీద దింపారు. ఐదుగురిలో ఎవరికీ ఏమీ కాలేదు.

ఇది ఎలా సాధ్యమైంది? కొన్ని చిన్న విమానాలకు చక్రాలు ఎప్పుడూ కిందికే ఉంటాయి. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172 అలాంటిదే. వేగంగా పోయే విమానాలకు మాత్రం చక్రాలు గాలికి అడ్డు తగలకుండా ఎగరగానే మడుచుకుంటాయి, దిగేముందు తెరుచుకుంటాయి. కొన్నిటిలో ఈ పని నూనె ఒత్తిడితో జరుగుతుంది, కొన్నిటిలో కరెంటు మోటారుతో జరుగుతుంది. మూడు కాళ్లూ దిగి గట్టిగా బిగుసుకుంటే పైలట్ ముందు మూడు ఆకుపచ్చ దీపాలు వెలుగుతాయి. ఒక్క దీపం వెలగకపోయినా అనుమానించవలసిందే.

అప్పుడు పైలట్ చేసే మొదటి పని ఏమిటో తెలుసా? కంగారుగా నేలకు దిగకపోవడం. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్‌లో బస్సు కింద ఏదో చప్పుడైతే డ్రైవరు స్టీరింగు వదిలి కిందికి వంగి చూడడు కదా! ముందు బండిని అదుపులో ఉంచుకుంటాడు. విమానమైనా అంతే. మళ్లీ పైకి లేచి, భద్రమైన ఎత్తులో చుట్లు తిరుగుతూ, పుస్తకం తీసి ఒక్కొక్క అంశమే సరిచూస్తారు. దీపం బల్బు మాడిందా? కరెంటు స్విచ్చి పడిపోయిందా? వేగం తగ్గించి మరోసారి ప్రయత్నిస్తే దిగుతాయా? అప్పటికీ దిగకపోతే చేత్తో దింపే ఏర్పాటు ఉంటుంది. కొన్నిటిలో పంపు కొట్టాలి, కొన్నిటిలో పిడి తిప్పాలి, మరి కొన్నిటిలో నూనె ఒత్తిడి వదిలేస్తే చక్రాలు తమ బరువుకే కిందికి జారతాయి. తరువాత కంట్రోల్ టవరు పక్కగా తక్కువ ఎత్తులో పోతే, కిందివారు చూసి చక్రాలు ఎలా ఉన్నాయో చెబుతారు.

ఏదీ ఫలించకపోతే పొట్ట మీద దిగడమే. అందుకు పొడవైన రన్‌వే, ఫైరింజన్లు ఉన్న విమానాశ్రయాన్ని ఎన్నుకుంటారు. మంట భయం తగ్గడానికి ఇంధనాన్ని చాలావరకు ఖర్చు చేస్తారు. లోపల కదిలే సామాను కట్టేస్తారు. బెల్టులు బిగిస్తారు. విమానం నిలవగల అతి తక్కువ వేగంతో మెల్లగా నేలను తాకిస్తారు. తాకే వేళకు ఇంధనం, కరెంటు కట్టేస్తారు. మేడ మీదనుంచి పడటం వేరు, జారుడుబల్ల మీద జారడం వేరు. పొట్ట మీద దిగడం రెండోదాని వంటిది. వేగం ఒక్కసారిగా ఆగక, నేల మీద జారుతూ క్రమంగా చచ్చిపోతుంది. విమానం పాడవుతుంది, మనుషులు మిగులుతారు.

2024 మే 13న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో అచ్చంగా ఇదే జరిగింది. రెండు ఇంజన్ల బీచ్‌క్రాఫ్ట్ విమానం బయల్దేరిన కొద్దిసేపటికే చక్రాల్లో లోపం తెలిసింది. పైలట్‌తో పాటు ఉన్నది అరవై దాటిన ఇద్దరు, మన ఈడువారే. సుమారు మూడు గంటలు పైన తిరిగి, ఇంధనం తగ్గించుకుని, పొట్ట మీద దిగారు. ముగ్గురూ తమ కాళ్ల మీద నడిచి బయటికి వచ్చారు. ఆ మూడు గంటల ఓర్పే వారిని కాపాడింది.

అయితే ఓర్పుకూ లెక్క ఉండాలి. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర, 189 మంది ఉన్న యునైటెడ్ సంస్థ డి.సి.-8 విమానం చక్రాల అనుమానంతో పైన తిరుగుతూ ఉండిపోయింది. కెప్టెన్ దృష్టంతా చక్రాల మీదే ఉంది. ఇంధనం తగ్గిపోతోందని పక్కనున్నవారికి తెలుసు. మాట అన్నారు కాని గట్టిగా అనలేదు. ఇంధనం అయిపోయి విమానం ఇళ్ల మధ్య కూలింది. పదిమంది చనిపోయారు. అంతకు ఆరేళ్ల ముందు, 1972 డిసెంబరు 29న మయామీ దగ్గర మరో విమానంలో ముందు చక్రం దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో ఉన్నవారంతా ఆ బల్బు మీద పడ్డారు. విమానం మెల్లగా కిందికి దిగిపోతున్న సంగతి ఎవరూ గమనించలేదు. అది చిత్తడి నేలలో కూలిపోయి 101 మంది ప్రాణాలు పోయాయి. పాడైనది ఒక చిన్న బల్బు మాత్రమే!

ఇంధనం లెక్క మన తెలుగువారికీ అనుభవమే. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్, దారి సరిగా కనిపించక దిగలేక పైకి లేచింది. అది చక్రాల తేడా కాదు, రెక్కల వెనుక ఉండే ఫ్లాపులు తిరిగి లోపలికి పోలేదు. అవి బయటే ఉండిపోతే విమానం నెమ్మదిస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. మద్రాసు తిరిగి వెళ్లడానికి ఇంధనం చాలక తిరుపతి దగ్గర వరిపొలంలో దిగవలసి వచ్చింది. పలువురు తెలుగు సినీ ప్రముఖులతో సహా 262 మంది అందులో ఉన్నారు. ఒక్క ప్రాణం పోలేదు. ఆనాటి పత్రికలు చూసిన వారికి ఆ పొలంలో నిలిచిన విమానం బొమ్మ ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

సోదరులారా, పోర్ట్‌లాండ్ సంగతి నన్ను మిగతావాటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. మనమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం. పై అధికారి ఒకవైపే చూస్తున్నప్పుడు, రెండోవైపు ప్రమాదం కనిపించినా "మనకెందుకు, దొరగారికి తెలియదా" అని ఊరుకోవడం మన కొలువుల్లో కొత్త కాదు. ఆ ప్రమాదం తరువాత విమాన సంస్థలు శిక్షణ పద్ధతినే మార్చాయి. 1981 నుంచి ఆ యునైటెడ్ సంస్థే అందుకు దారి చూపింది. కిందివాడు స్పష్టంగా చెప్పాలి, పైవాడు చెవి ఒగ్గి వినాలి, ఒకరు లోపం చూస్తుంటే ఇంకొకరు విమానం నడపాలి. ఇదీ ఆ శిక్షణ సారాంశం. గట్టిగా చెప్పడం అవిధేయత కాదు, అది ఉద్యోగ ధర్మమని ఆ పదిమంది చావులు లోకానికి నేర్పాయి.

ఇక మనం ప్రయాణికులుగా చేయవలసినవి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయి వెళ్లిన విమానం, మళ్లీ పైకి లేవబోయి చక్రాలు మడుచుకుంటుండగానే రన్‌వేకు తగిలింది. ఉన్న 300 మందీ బయటపడ్డారు. కాని కొంతమంది మంటల మధ్య కూడా పైఅరల్లోని సంచులు తీసుకోవడానికి ఆగారు. బయటపడ్డ కొద్ది నిమిషాలకే విమానం పేలి, మంటలార్పుతున్న ఒక అగ్నిమాపక ఉద్యోగి ప్రాణాలు కోల్పోయాడు. పెద్ద విమానం నుంచి సగం తలుపులతోనే 90 సెకండ్లలో అందరూ బయటికి రాగలగాలని నియమం. ఒక్కరు సంచి కోసం ఆగితే ఆ లెక్క తప్పుతుంది, వెనుకనున్నవారి ప్రాణం మీదికి వస్తుంది.

అందుచేత నా మనవి ఇది. సీటు ముందున్న కార్డు చదవండి. మీ వరుస నుంచి తలుపు ఎన్ని వరుసల దూరమో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు పనిచేయవు. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీదుగా బిగించండి. బి.పి., షుగరు మాత్రలు, కళ్లజోడు సంచిలో కాక జేబులో ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా సిబ్బందికి ముందే చెప్పండి. దిగమన్నప్పుడు సంచి వదిలి దిగండి. పట్టుచీర మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇన్నాళ్లు ప్రయాణం మానుకున్న మిత్రులకు ఒక్క మాట. ప్రమాదాలు లేవని నేను చెప్పను, అహ్మదాబాదులో పోయిన వారిని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. కాని మీ కోసం అక్కడ రోజులు లెక్కపెట్టుకుంటున్న పసిపిల్లలున్నారు. ఏదైనా చెడినప్పుడు ఏం చేయాలో అనేకమంది ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్నారు, అది పుస్తకాల్లో రాసి ఉంది. దాన్ని అభ్యాసం చేసినవారు ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. వెళ్లి రండి. వచ్చి మన వచ్చే సమావేశంలో ఆ కబుర్లు చెప్పండి.