రికాబులు లేని రౌతు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నుంచి పనిమీద చెన్నై వెళ్లినప్పుడు, ఐలాండ్ మైదానం దగ్గర కాసేపు ఆగండి. వాహనాల రొద నడుమ ఎత్తైన దిమ్మె మీద కంచు గుర్రం, దానిపై సర్ థామస్ మన్రో. పాదాలకేసి చూడండి: రికాబులుండవు, కాళ్లు వేలాడుతుంటాయి. ఫ్రాన్సిస్ చాంట్రీ మలిచిన ఈ విగ్రహాన్ని 1839లో నిలిపారు.

మన్రో 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాల (దాదాపు నేటి రాయలసీమ) కలెక్టరు. రైతుతోనే నేరుగా శిస్తు మాట్లాడుకునే రైతువారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పారు. 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. వేంపల్లె దగ్గరి గండిలో, పాపఘ్ని నది మీద బంగారు తోరణం ఆయన కంటపడిందని మనవాళ్లు నేటికీ చెప్పుకుంటారు. ఆ గుర్రం ముందు నిలబడినప్పుడు మన గండిని ఒక్కసారి తలచుకోండి.