పసిఫిక్ రాజ్యంలో ఉద్యోగుల సమ్మె

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విదేశీ అనుభవాలు చెప్పమన్నారు. అక్కడి రోడ్లూ, మేడలూ మీ పిల్లలు ఫోనులో చూపించే ఉంటారు. వాటి జోలికి వెళ్ళను. ఆక్లండులో మా అబ్బాయి ఇంటి పక్కన ఉండే ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఆయనది టోంగా. మనలాగే గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేశారు. ఉదయం నడకలో పరిచయమయ్యారు.

టోంగా పసిఫిక్ మహాసముద్రంలో 170కి పైగా దీవుల రాజ్యం. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం సుమారు లక్ష. అంటే మన మునిసిపాలిటీ ఒకటి అనుకోండి. 1900 నుంచి 1970 వరకు బ్రిటన్ రక్షణలో ఉన్నా, వాళ్ళ రాజు వాళ్ళకు ఉండనే ఉన్నాడు. మొదటి జార్జి టుపౌ అనే రాజు 1862లో వెట్టిచాకిరీని రద్దు చేసి, 1875లో లిఖిత రాజ్యాంగం ఇచ్చాడు. మన రాజ్యాంగానికి 75 ఏళ్ళ ముందుమాట అది! ఆదివారం పనీ, వ్యాపారం చేయరాదని కూడా అందులోనే రాసి ఉంది.

నేను రెవెన్యూలో అడంగళ్ళు తిరగేసినవాణ్ణి కనుక ముందుగా భూమి సంగతే అడిగాను. భూమి అంతా రాజుగారిదట. పదహారేళ్ళు నిండిన ప్రతి మగవాడికీ సాగుకు 8¼ ఎకరాలూ, ఊళ్ళో ఇంటిస్థలమూ పొందే హక్కు చట్టం ఇచ్చింది. లీజుకు ఇవ్వవచ్చు గాని అమ్మడానికి వీల్లేదు. అయితే జనం పెరిగారు, దీవులు పెరగలేదు. హక్కు ఉండీ చెక్క భూమి లేనివాళ్ళు చాలామంది. ఆడవాళ్ళకైతే ఆ హక్కే లేదు. ఎక్కడైనా కాగితం ఒకటి, క్షేత్రం ఒకటి కదా!

ఇక పాలన. శాసనసభలో ప్రజలు ఎన్నుకునేవారు తొమ్మిదిమంది. 33 వంశపారంపర్య బిరుదులున్న ప్రభువులు తమలోంచి పంపేవారు మరో తొమ్మిదిమంది. వీరుగాక రాజు నియమించిన మంత్రులు. లక్షమంది జనానికి తొమ్మిది, ముప్పైమూడు బిరుదులకు తొమ్మిది! ప్రధానమంత్రిని రాజే నియమించేవాడు. 2005లో ఆ పదవిలో ఉన్నది రాజుగారి చిన్నకొడుకే.

ఆ ఏడాది జీతాల సవరణ జరిగింది. పైవాళ్ళకు దండిగా, కిందివాళ్ళకు చిటికెడు. మీరు నవ్వుతున్నారు, మీకు తెలిసిన కథే! జూలైలో ఉద్యోగులు సమ్మెకు దిగారు. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు నుకుఅలోఫా పట్టణంలోని ఒక పార్కులో రోజూ చేరేవారు. వాళ్ళ కోరికలో నాకు నచ్చినది ఒకటుంది. పై తరగతికి 60 శాతం, మధ్య తరగతికి 70, అట్టడుగువారికి 80 శాతం పెంచమన్నారు. ఎంత కింద ఉంటే అంత ఎక్కువ. ఆరువారాలు గడిచాక ప్రభుత్వం ఒప్పుకుంది. ఆసరికి జీతాల మాట దాటి, పాలన మారాలన్న మాట కూడా సమ్మెలోకి వచ్చేసింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో రాకుమారుడు రాజీనామా చేశాడు. ఫెలెటి సెవెలే అనే సామాన్యుడు ప్రధానమంత్రి అయ్యాడు. కాని పెరిగిన జీతాల భారం ఖజానా మోయలేకపోయింది. స్వచ్ఛంద విరమణ పథకం పెట్టి ఉద్యోగులను తగ్గించారు. మా పొరుగాయన అప్పుడే బయటికి వచ్చారు. "పెరిగిన జీతం తొమ్మిది నెలలు తీసుకున్నాను" అన్నారు. అదే సంవత్సరం నవంబరు 16న, సంస్కరణలు తేలకుండానే సభ ముగుస్తుందని జనం ఆగ్రహించారు. పట్టణం నడిబొడ్డు తగలబడింది. ఎనిమిదిమంది చనిపోయారు. అది చెప్పేటప్పుడు ఆయన నడక ఆపేశారు. "ఆ పార్కులో ఆరువారాలు ఒక్క రాయి పడలేదు" అని మాత్రం అన్నారు.

మార్పు వచ్చింది. అయిదో జార్జి టుపౌ రాజు 2008లో పట్టాభిషేకానికి ముందే అధికారాలు చాలావరకు వదులుకుంటానని ప్రకటించాడు. 2010లో కొత్త సభ వచ్చింది: ప్రజలకు 17 స్థానాలు, ప్రభువులకు 9. ప్రధానమంత్రిని సభే ఎన్నుకుంటుంది. అయినా మొదటి ఎన్నికలో ప్రజాపక్షం 17లో 12 గెలిచి కూడా, పదవి ప్రభువుకే పోయింది. ఆ పక్షం నాయకుడు అకిలిసి పోహివా ఒకప్పుడు ప్రభుత్వోద్యోగం నుంచి తొలగింపబడిన టీచరు. 2014 చివర ఆయన ప్రధానమంత్రి అయ్యాడు. 2017లో రాజు సభను రద్దు చేస్తే, జనం ఆయన్ను మరింత బలంతో తిరిగి పంపారు. చట్టానికి రాజుగారి ఆమోదం ఇప్పటికీ కావాలి. 2012 నుంచి సింహాసనం మీద ఉన్నది ఎవరనుకున్నారు? ఆనాడు సమ్మెను ఎదుర్కొన్న ఆ రాకుమారుడే!

నేను మన 1986 సమ్మె గురించి గొప్పగా చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని, "మీరు కిందివాళ్ళకు ఎక్కువ అడిగారా?" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

మిత్రులారా, ఈ ఏటి మన విజ్ఞాపనపత్రం ముసాయిదా చూశాను. ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్న అమ్మల సంగతి చివరి పేజీలో ఉంది. దాన్ని మొదటి పేజీకి తేవాలని ఈ సభాముఖంగా ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులెత్తండి.