వలస వెళ్లిన ఊళ్లు – వదలని అలవాట్లు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సొంత నేలకు దూరంగా స్థిరపడిన జనం తమ మాతృభాషలో ఒక బడిని డెబ్బై అయిదేళ్లు నిలుపుకోవడం సామాన్య విషయం కాదు. ఇటువంటి పండుగనాడు అభినందనలతో పాటు ఒక ప్రశ్న కూడా సభ ముందుకు వస్తుంది. బడి నిలిచినంత మాత్రాన భాష నిలుస్తుందా? దీనికి సమాధానం వెదకడానికి మరొక వలస సమాజపు అనుభవం ఎంతగానో ఉపకరిస్తుంది. అయిదు శతాబ్దాలుగా దేశాలు మారుతూ, వెళ్లిన ప్రతి చోటా ముందుగా ఇల్లు, బడి, ప్రార్థనా మందిరం కట్టుకున్న ఆ జనమే మెన్నొనైట్లు.

1525లో స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో కొందరు క్రైస్తవులు ఒక కొత్త మాట చెప్పారు. పసితనంలో ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, బుద్ధి తెలిసిన వయస్సులో స్వయంగా కోరి పొందేదే చెల్లుతుందని వారి విశ్వాసం. 1536లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతానికి చెందిన మెన్నో సైమన్స్ అనే కతోలిక గురువు తన పదవిని విడిచి ఈ మార్గంలోకి వచ్చాడు. ఆయన పేరుమీదనే అనుచరులకు మెన్నొనైట్లు అనే పేరు స్థిరపడింది. ఆయుధం పట్టరాదు, ఒట్టు వేయరాదు అన్న వారి నియమాలను నాటి ఏలికలు సహించలేదు. ఎందరో ప్రాణాలు కోల్పోగా, మిగిలినవారు వలసబాట పట్టారు. స్విట్జర్లాండు, దక్షిణ జర్మనీ వారిలో అనేకులు అమెరికాలోని పెన్సిల్వేనియాకు, తరువాత కెనడాలోని ఒంటారియోకు వెళ్లారు. నెదర్లాండ్స్ వారిలో అనేకులు విస్తులా నది ముఖద్వారపు చిత్తడి నేలలకు చేరి, వాటిని ఎండగట్టి సాగు చేశారు. అక్కడ నుండి 1789లో ఖోర్తిత్సాకు, 1804లో మొలొచ్నాకు తరలిపోయారు. ఈ రెండు సీమలూ నాటి రష్యా సామ్రాజ్యంలోనివి, నేడు ఉక్రెయిన్‌లోనివి.

ఆ ఊళ్ల తీరు చెప్పుకోదగినది. ఊరి మధ్య ఒకే పొడవాటి వీధి, దానికి ఇరువైపులా ఇళ్లు. ఇంటిని ఆనుకొనే పశువుల కొట్టం. ఇళ్ల వెనుక సన్నని పట్టీలుగా పొలాలు. ఇంట మాట్లాడేది ప్లౌట్‌డీచ్ అనే జానపద జర్మన్. గుడిలో, బడిలో వాడేది గ్రాంథిక జర్మన్. వలస వెళ్లినప్పుడు ఊరి పేర్లను కూడా వెంట తీసుకొనిపోయారు. గ్నాడెన్‌టాల్, బ్లూమెనోర్ట్ వంటి పేర్లు ఉక్రెయిన్‌లోనూ కెనడాలోనూ మెక్సికోలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తెలుగునాట విడిచి వచ్చిన ఊరిని ఇంటిపేరులో మోసుకొని తిరిగే కుటుంబాలకు ఈ మమకారం కొత్తగా తోచదు.

వారి వంటిల్లు ఒక చరిత్ర గ్రంథమే. త్స్వీబాక్ అనే రొట్టెను పెద్ద ముద్దపై చిన్న ముద్ద నిలిపి కాలుస్తారు. దూర ప్రయాణాలకు దానినే మళ్లీ ఎండకాల్చి సంచులకు ఎత్తుకొనేవారు. ఉక్రెయిన్ వారి బోర్ష్ట్ పులుసును, జున్ను కూరిన వెరెనికి కుడుములను నేర్చుకొని తమవిగా చేసుకొన్నారు. ఆదివారం విశ్రాంతి దినం గనుక శనివారమే రొట్టెలు కాల్చి ఉంచుతారు. ఆదివారం మధ్యాహ్నం కాఫీ, త్స్వీబాక్, జామ్, జున్నుతో సాగే చిరుతిండికి ఫాస్పా అని పేరు. చెప్పకుండా వచ్చిన చుట్టాలకు కూడా అందులో చోటుంటుంది. పెద్దల మాటలు పిల్లల చెవిన పడేది ఆ బల్ల దగ్గరే.

పరస్పర సహాయం వారి జీవనానికి వెన్నెముక. ఎవరి ఇల్లయినా కాలిపోతే నష్టాన్ని అందరూ పంచుకొనే అగ్నిరక్షణ నిధి ఉండేది. తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లల ఆస్తిని కాపాడడానికి వైసెనాంట్ అనే ప్రత్యేక వ్యవస్థ ఉండేది. వారసత్వంలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన భాగం. పెన్సిల్వేనియా, ఒంటారియో పల్లెలలో ఎవరి కొట్టమయినా కాలిపోతే ఇరుగుపొరుగువారంతా చేరి కొత్తది నిలబెట్టే ఆచారం నేటికీ ఉన్నది.

రష్యాలో 1874లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. ఆ దశకంలోనే వేలాది మెన్నొనైట్లు అమెరికాలోని కాన్సస్, నెబ్రాస్కా వంటి రాష్ట్రాలకు, కెనడాలోని మానిటోబాకు తరలిపోయారు. తమ పిల్లలకు తమ పద్ధతిలో చదువు చెప్పుకోవచ్చునని కెనడా ప్రభుత్వం 1873లో వారికి మాట ఇచ్చింది. అయితే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ భాషపై అనుమానం పెరిగింది. 1916లో మానిటోబా ప్రభుత్వం ఇంగ్లీషును ఏకైక బోధన భాషగా చేసి, బడికి హాజరును నిర్బంధం చేసింది. పిల్లలను ప్రభుత్వ పాఠశాలకు పంపని తండ్రులకు జరిమానాలు పడ్డాయి; కొందరు జైలుకు కూడా వెళ్లారు. 1921లో మెక్సికో అధ్యక్షుడు ఆల్వరో ఒబ్రెగోన్ వారికి సొంత బడుల హక్కును, సైనిక సేవ నుండి మినహాయింపును ఇచ్చాడు. 1922లో ఇంటి సామానుతో, పశువులతో, పనిముట్లతో నిండిన రైళ్లు చివావా రాష్ట్రానికి బయలుదేరాయి. ఒక బడి కోసం ఊళ్లకు ఊళ్లే కదిలిపోవడం చరిత్రలో అరుదు.

ఆ త్యాగం వలన భాష నిలిచింది. నేటికీ చివావా పల్లెలలో ప్లౌట్‌డీచ్ వినిపిస్తుంది. వారు చేసే జున్ను మెక్సికో బజారులో క్వెసో మెనొనీతా అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. కాని ఈ కథకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. సంప్రదాయ పద్ధతి పాటించిన బడులలో అక్షరమాల, ప్రశ్నోత్తర రూపంలోని మతబోధ, కొత్త నిబంధన, సమగ్ర బైబిలు అనే నాలుగు మెట్లే చదువు. ఏడాదిలో సుమారు ఆరు నెలలే బడి. పన్నెండు, పదమూడేళ్లకు చదువు ముగిసేది. ఇంటి మాట ఒకటి, పుస్తకపు భాష మరొకటి కావడంతో చాలామంది పిల్లలు అర్థం తెలియకుండానే చదివి వప్పజెప్పేవారు. స్పానిష్ రాక పొరుగువారితో, కార్యాలయాలతో వ్యవహారం కష్టమయ్యేది. ఈ ఇబ్బంది స్త్రీలకు మరీ ఎక్కువ. తరువాతి కాలంలో అక్కడి అనేక గ్రామాలు బడులను సంస్కరించి స్పానిష్ బోధనను చేర్చుకున్నాయి. గోడ భాషను కాపాడవచ్చును గాని, పిల్లల వికాసాన్ని కాపాడలేదని ఆ ఊళ్లు అనుభవంతో గ్రహించాయి.

ఒంటారియోలోని వాటర్లూ ప్రాంతపు ప్రాచీనాచార మెన్నొనైట్ల దారి వేరు. నేటికీ గుర్రపు బండిలో తిరిగే ఆ కుటుంబాల పిల్లలు తమ సొంత చిన్న బడులలో ప్రధానంగా ఇంగ్లీషులోనే చదువుతారు. అయినా ఇంట్లో అడుగు పెట్టగానే పెన్సిల్వేనియా జర్మన్ మాట్లాడతారు. వారి మాతృభాషకు కంచుకోట బడి కాదు, ఇల్లు. కాన్సస్ వారు కాలక్రమాన ఇంగ్లీషుకు మారిపోయారు. అక్కడ త్స్వీబాక్, నాలుగు స్వరాల బృందగానం నిలిచాయి గాని, మనుమల నోట తాతల మాట నిలవలేదు.

పరాగ్వేలోని చాకో ప్రాంతంలో సోవియట్ దేశం నుండి వచ్చిన శరణార్థులు 1930లో ఫెర్న్‌హైమ్ వలసను స్థాపించారు. దాని ముఖ్యపట్టణం ఫిలడెల్ఫియాలో బడులు జర్మన్, స్పానిష్ రెండింటినీ బోధించి పిల్లలను ఉన్నత విద్యకు సిద్ధం చేస్తాయి. అయితే ఆ నేలకు పూర్వమే హక్కుదారులయిన ఎన్‌హ్లెట్ జనులు భూమిని కోల్పోయి, కూలీలుగా చేరి, వలసదారుల భాషను నేర్వవలసి వచ్చింది. తమ భాష నిలవాలని కోరే జనం పొరుగువారి భాషను, బతుకును గౌరవించడం కూడా ధర్మమే.

ఈ చరిత్రలో తెలుగువారికి ఒక సొంత అధ్యాయం ఉన్నది. రష్యాలో 1860లో ఏర్పడిన మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ నుండి 1889లో ఫ్రీసెన్ దంపతులు భారతదేశానికి బయలుదేరి, నాటి నిజాం రాజ్యంలోని నల్లగొండలో పనిచేశారు. 1899 నుండి అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు కూడా వచ్చారు. దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి, మహబూబ్‌నగర్, గద్వాల, శంషాబాద్ ప్రాంతాలలో సంఘాలు, బడులు, వైద్యశాలలు వెలిశాయి. నేడు ఆ తెలుగు సమాజం ప్రపంచంలోని పెద్ద మెన్నొనైట్ బ్రదరెన్ సమాజాలలో ఒకటి. వారి ఇళ్లలో ఫాస్పా లేదు, జొన్నరొట్టె ఉన్నది. ప్లౌట్‌డీచ్ వారెరుగరు. రాగతాళయుక్తమైన తెలుగు కీర్తనలే వారి ఆరాధన. ప్రార్థనకు ముందు చెప్పులు బయట విడుస్తారు. స్త్రీలు తలపై కొంగు కప్పుకొంటారు. నేడు ప్రపంచంలోని మెన్నొనైట్లలో సగానికి పైగా ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా వారే. విశ్వాసం ఏ భాషలోనైనా ఇమిడిపోతుంది. కాని ఒక భాష బతకడానికి దానిని రోజూ మాట్లాడే నోళ్లు కావాలి.

ఈ అనుభవాల సారం ఒక్కటే. బడి ఒక్కటే భాషను మోయలేదు; ఇల్లు ఒక్కటే భాషకు ఎదుగుదలను ఇవ్వలేదు. తల్లిదండ్రులు రాత్రి భోజనాల వేళ పిల్లలతో తెలుగులో మాట్లాడకపోతే, ఉపాధ్యాయుడు పగలంతా నేర్పినది గడప దాటదు. తెలుగుతో పాటు ఈ గడ్డ భాషను, ఇంగ్లీషును చక్కగా నేర్పకపోతే, తల్లిదండ్రులు పిల్లలను వేరే బడికి పంపుతారు. ఆ తప్పు వారిది కాదు. ఇక్కడ చదివి పైకి వచ్చిన పూర్వ విద్యార్థులు తమ సంతానంతో ఏ భాషలో మాట్లాడుతున్నారన్నదే ఈ పాఠశాలకు అసలైన వార్షిక పరీక్ష.

మానిటోబా తల్లులు బడి కోసం రైలెక్కారు. ఇక్కడి తల్లులు ఎక్కడికీ కదలనక్కరలేదు. సాయంత్రం బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని, ఈనాడు బడిలో ఏమి చెప్పారని తెలుగులో అడిగి, వాడు తెలుగులో చెప్పేదాకా ఓపికగా వింటే చాలును. శతాబ్ది ఉత్సవానికి అదే పునాది.