రెండు రోజుల యాత్ర, నిత్య దీపం

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

తమ కష్టార్జితంలో కొంత భాగాన్ని స్వామివారి సన్నిధికి సమర్పించిన దాతలారా!

తాడిమర్రిలో బయలుదేరి తిరిగి తాడిమర్రి చేరిన ఒక చిన్న యాత్రను గురించి మీకు మనవి చేయదలచాను. కాశీ, రామేశ్వరాల వంటి దూరయాత్ర కాదు. శని, ఆదివారాలు రెండు రోజుల్లో, జీపులో ఆరుగురం చేసిన యాత్ర. ఈ ఆలయ జీర్ణోద్ధరణకు పూనుకున్న వేళ మన చుట్టుప్రక్కల పెద్దలు కట్టిన గుళ్లను ఒకసారి కళ్లారా చూసి, వాటి మేలును, కీడును తెలుసుకొని రావాలన్నదే మా సంకల్పం.

శనివారం తెల్లవారుజామున బత్తలపల్లి మీదుగా ధర్మవరం చేరాము. మన ప్రాంతాన్ని తడిపే చిత్రావతి ధర్మవరం దాటి మన వైపు వచ్చి, తరువాత పెన్నలో కలుస్తుందని మీరెరుగుదురు. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరిని నిలిపాడని పెద్దలు చెబుతారు. గుడి కట్టిన చేతులే చెరువునూ త్రవ్వించాయి. కరవు సీమలో దేవునికి అభిషేకం జరగాలంటే ముందు చెరువులో నీరుండాలి కదా! శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామివారిని దర్శించి, మగ్గాల చప్పుడు వింటూ ఆ వీధులు దాటాము.

అక్కడి నుండి పెనుకొండ. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరం విజయనగరం పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఘనగిరి అని ప్రసిద్ధి చెందిన ఈ ఊరిలో రోజుకొకటి చొప్పున ఏడాదికి 365 ఆలయాలు ఉండేవని స్థానికులు నేటికీ చెప్పుకుంటారు. కోట లోపల శివాలయం, రామాలయం ప్రక్కప్రక్కనే ఉన్నాయి. కొండపై లక్ష్మీనరసింహస్వామి వెలసి ఉన్నాడు. మెట్ల దారిలో ఆయాసపడుతూ ఎక్కుతుంటే పడిపోయిన ప్రాకారాలు, విగ్రహం లేని గర్భాలయాలు ఎన్నో కనిపించాయి. వాటి రాళ్లలో లోపం లేదు. స్తంభాలు నేటికీ నిక్కచ్చిగా నిలిచి ఉన్నాయి. లోపించినది దీపం ఒక్కటే. రాజధాని తరలిపోగానే కైంకర్యాలకు ఆధారమైన వారు తరలిపోయారు. దీపం ఆగిన గుడిలో గబ్బిలాలు చేరాయి. రాతితో కట్టినంత మాత్రాన గుడి నిలవదని ఆ కొండ మాకు బోధించింది.

సాయంత్రానికి హిందూపురం మీదుగా లేపాక్షి చేరాము. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూర్మశైలంపై నిర్మింపజేసిన వీరభద్రాలయం గురించి మీకు వేరే చెప్పనక్కర లేదు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం క్రింద గుడ్డ దూర్చి చూసే యాత్రికులను, ఏడు పడగల నాగలింగాన్ని, ఏకశిలా నందిని అందరూ చూసినవారే. 2022లో ఈ క్షేత్రం యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. లతామంటపపు స్తంభాలపై చెక్కిన అల్లికలు మన ధర్మవరం చీరల అంచుల్లో నేటికీ కనిపిస్తాయి. గుడిలోని శిల్పం ఊరి జీవనోపాధిగా మారడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

అయితే నా మనస్సును పట్టి నిలిపినవి అసంపూర్తిగా మిగిలిన కల్యాణమంటపం, ఆ ప్రక్క గోడ మీది ఎర్రని మరకలు. రాజు లేని సమయంలో అనుమతి లేకుండా ఖజానా ధనం గుడికి వెచ్చించాడని విరూపణ్ణపై నింద పడినదనీ, రాజాజ్ఞకు ముందే ఆయన తన కళ్లు తానే పెకలించి ఆ గోడకు విసిరినాడనీ స్థలపురాణం. కథ నిజమా కాదా అన్నది చరిత్రకారులు తేల్చవలసిన మాట. కానీ అందులోని హెచ్చరిక మనకు స్పష్టం. భక్తి ఎంత గొప్పదైనా దేవుని సొమ్ముకు లెక్క ఉండాలి. లెక్క లేని చోట పుణ్యకార్యం కూడా నిందపాలవుతుంది, మంటపం మధ్యలో ఆగిపోతుంది.

ఆ ఆలయపు గోడలపైనే ఆ లెక్కలు చెక్కి ఉన్నాయి. ఎవరు, ఏ కైంకర్యానికి, ఏ భూమిని, ఏ గ్రామాన్ని ఇచ్చారో నలుగురూ చదువుకొనేలా రాతిపై వ్రాయించారు. శాసనాలంటే మరేమో కావు, ఆనాటి ఆలయ జమాఖర్చులే. మరునాడు ఒక పల్లెలో (ఊరి పేరు చెప్పను) కొత్తగా బాగుచేసిన గుడికి వెళ్లాము. గోడలంతా నున్నని పలకలు, స్తంభాలకు రంగులు. “ఇక్కడొక రాతల రాయి ఉండేది కదా?” అని మాలో ఒక పెద్దాయన అడిగాడు. పలకల వెనుక ఉందన్నారు. తాతల దానపత్రాన్ని మనవలు ఎంతో భక్తితోనే పూడ్చివేశారు. ఆ మాట విన్నప్పటి నుండి నాకు మన గుడి గోడలే కళ్లముందు మెదులుతున్నాయి.

ఆదివారం గోరంట్ల మార్గంలో కదిరి చేరాము. చండ్ర చెట్టు క్రింద వెలసినాడని చెప్పే ఖాద్రీ నరసింహుడు, మన కాటమరాయుడు, ప్రహ్లాద సమేతుడై దర్శనమిచ్చాడు. ఫాల్గుణ మాసపు రథోత్సవంలో దవనం, మిరియాలు చల్లే జనసంద్రంలో హిందువులే కాదు, ముస్లిం సోదరులూ ఉంటారు. పెనుకొండలో రాజులతో పోయినది కదిరిలో ప్రజల చేతిలో నిలిచింది. ఊరంతా తమదనుకున్న దేవునికి ఉత్సవం ఆగదు.

ముదిగుబ్బ, బత్తలపల్లి మీదుగా తిరిగి వస్తూ, ప్రొద్దు వాలే వేళ దారి ప్రక్కన ఒక అమ్మవారి గుడి వద్ద ఆగాము. గుడి అంటే నాలుగు బండలు, పైన ఒక బండ, ఎదుట వేపచెట్టు. ఒక వృద్ధురాలు ముంగిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ప్రమిదలో నూనె పోస్తున్నది. “అవ్వా, ఎన్నేళ్లుగా దీపం పెడుతున్నావు?” అని అడిగాను. “మా అత్త పోయినప్పటినుంచి నాయనా. ఆమెకు ముందు ఆమె అత్త పెట్టేది” అన్నది. గుడి పెద్దది చేయాలని ఊరివారు చందాలు వేస్తున్నారట. మంచిదే కదా అన్నాను. ఆమె వత్తి సరిచేస్తూ, “గుడి కొత్తదైనంక నన్ను లోపలికి రానిచ్చి దీపం పెట్టనిస్తారా నాయనా?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు మీరు చెప్పాలనే ఈనాడు మీ ముందు నిలిచాను.

మహాశయులారా! జీర్ణోద్ధరణ సమయంలో కళాకర్షణ చేసి స్వామి కళను కలశంలోకి ఆవాహనం చేస్తారు. పనులు ముగిసేవరకు స్వామి బాలాలయంలో ఉంటాడు. పెద్ద గుడిలో ఉన్నవాడే ఆ చిన్న గదిలోనూ ఉన్నాడు. ఆయనకు ఆనాడు కావలసినదీ దీపమే, రేపు కావలసినదీ దీపమే. లక్క, గుగ్గిలం, మైనం వంటి ఎనిమిది ద్రవ్యాలతో కూర్చిన అష్టబంధనాన్ని పన్నెండేళ్లకొకసారి పునరుద్ధరించడం ఆచారం. మరి ఆ పన్నెండేళ్లలో ప్రతి సాయంకాలమూ గుడి తలుపు తీసేవారెవరు? మండలాభిషేకపు నలుబది ఎనిమిది దినాలు గడిచాక నలుబది తొమ్మిదవ నాడు నూనె ఎవరు పోస్తారు?

కావున దాతలకు మూడు విన్నపాలు. గోపురానికి ఇచ్చిన చేతితోనే నిత్యదీపానికీ, అర్చకుని జీవనానికీ కొంత మూలధనం ఏర్పరచండి. జమాఖర్చులను ఆలయ గోడపై అందరూ చదివేలా వ్రాయించండి. పాత రాతిని, పాత వ్రాతను కప్పిపెట్టకండి. శుభ్రపరచి, చదివించి, అందరికీ కనబడేలా నిలపండి. ఇక ధర్మకర్తలకు ఒక్కటే విన్నపం. గుడి శిథిలమై, ఎవరూ తొంగిచూడని రోజుల్లో ముంగిలి ఊడ్చి దీపం పెట్టిన వారెవరో మీకు తెలుసు. కుంభాభిషేకం నాడు వేదికపై శాలువలు కప్పేటప్పుడు ముందుగా వారిని పిలవండి. మరునాటి నుండి వారి ప్రమిద వారి చేతిలోనే ఉండనివ్వండి.

లేపాక్షికి, పెనుకొండకు, కదిరికి తప్పక వెళ్లి రండి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. రెండు రోజులు చాలు. అయితే తిరిగి వచ్చిన సాయంకాలం నేరుగా ఇంటికి పోక, మన ఊరి గుడి ముందు ఒక్క నిమిషం ఆగి దీపం వెలుగుతున్నదో లేదో చూడండి. వెలుగుతున్నదంటే మీ యాత్ర సఫలమైనట్లే. వెలగలేదంటే ప్రమిద అక్కడే ఉంటుంది, నూనె మీరే పోయండి.

స్వామివారి అనుగ్రహం మీ అందరికీ కలుగుగాక! చిత్రావతి నిండుగా పారుగాక! స్వస్తి.