కొంగలూ, దోమలూ, కంప్యూటరు లెక్కా

వరిమడి నీటిలో పుట్టిన క్యూలెక్సు దోమ కొంగను కుట్టి, పందిని కుట్టి, మెదడువాపు వైరసును మన పిల్లలకు ఎక్కిస్తుంది. కొంగకు జబ్బు పైకి కనపడదు, అదే చిక్కు. అందుకని శాస్త్రజ్ఞులు కంప్యూటరులో ఉత్తుత్తి పక్షుల్నీ దోమల్నీ పెట్టి, రోజువారీగా లెక్క నడిపిస్తారు. 1999లో న్యూయార్కులో కాకుల్ని చంపిన వెస్ట్ నైల్ వైరసును కూడా తరువాత యిలాగే పరిశీలించారు.

యీ లెక్కలో ముఖ్యం దోమ ఆయుష్షు. దోమలో వైరసు ముదరటానికి వారం పైన పడుతుంది. ఆలోగా దోమ చస్తే సగం పని అయినట్టే. ఒకసారి సోకి తేరుకున్న పక్షి దోమకాటును వృథా చేస్తుంది. కాబట్టి కొంగల్ని కొట్టకండి, పైగా పురుగుల్ని తినిపెడతాయి గదా! పందుల దొడ్డి యిళ్లకు దూరంగా వుంచండి. మడిని నడుమ నడుమ ఆరబెట్టండి, పూతలో మాత్రం వద్దు. మీ జిల్లాలో మెదడువాపు టీకా వేస్తుంటే పిల్లలకు వేయించండి.