దీర్ఘపదము – పదవిభాగము



తెలుగు కావ్యములు చదివినవారికి దీర్ఘసమాసము క్రొత్త గాదు. దానిని చూచి బెదరక, పదములు విడదీసి విగ్రహవాక్యము చెప్పుట పూర్వపు గురువులు నేర్పిన మార్గము. ఇంగ్లీషు నిఘంటువులకెక్కిన ఒక వ్యాధి పేరునకును ఆ మార్గమే శరణ్యము. అది ‘న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్’. ఇంగ్లీషు వ్రాతలో దీనికి 45 అక్షరములు. పలుకుబడిలో 19 ఖండములు మాత్రమే.

న్యూ-మో-నో, అల్-ట్రా, మై-క్రో-స్కో-పిక్, సి-లి-కో, వాల్-కే-నో, కో-ని-ఓ-సిస్. ఇట్లు ఆరు విరామములతో పలికినచో నాలుక తడబడదు. వ్రాతలో మొదట ‘పి’ యను అక్షరమున్నను, న్యుమోనియాలో వలెనే అది పలుకబడదు. ‘నో’ తరువాత ‘అ’ వచ్చినను సంధి చేయరాదు. కడపటి భాగమున ఊనిక ‘ఓ’ మీద నుండవలెను.

ఇక అర్థము. ‘న్యూమోన్’ అనగా గ్రీకుభాషలో ఊపిరితిత్తి. ‘అల్ట్రామైక్రోస్కోపిక్’ అనగా సూక్ష్మదర్శినికి సైత మందనిది. ‘సిలికో’ చెకుముకిరాతికి గల లాటిను పేరునుండి పుట్టినది. ‘వాల్కేనో’ అగ్నిపర్వతము. ‘కోనిస్’ గ్రీకున ధూళి, ‘ఓసిస్’ రోగస్థితి. అగ్నిపర్వతపు అతిసూక్ష్మమైన సిలికాధూళిని పీల్చుటచే ఊపిరితిత్తులకు కలుగు వ్యాధి యని విగ్రహవాక్యము.

ఈ పేరు వైద్యులు పెట్టినది కాదు. 1935లో అమెరికాలోని పదప్రహేళికల సంఘాధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ దీనిని వినోదమునకై కల్పించెను. వైద్యులకు ‘సి-లి-కో-సిస్’ అను నాలుగు ఖండములే చాలును.

పేరు కల్పితమైనను వ్యాధి కల్పితము గాదు. దానికి అగ్నిపర్వతమును అక్కరలేదు. రాళ్లు పగులగొట్టుచోట, గ్రానైటు కోయుచోట, పలుగురాయి పొడిచేయుచోట లేచెడి ధూళి చాలును. ఆ ధూళి ఊపిరితిత్తులలో జేరి వానిని గట్టిపరచును. చెడిన భాగము మరల బాగుపడదు. క్షయ సోకు భయమును హెచ్చును. అందుచేతనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని అధికారులకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది.

చెడిన ఊపిరితిత్తిని బాగుచేయలేకున్నను, ముందుగా కాపాడుకొనుట సాధ్యమే. రాతిని తడిపి కోయుట, ధూళిని లాగివేయు యంత్రముల నమర్చుట, తగిన ముసుగు ధరించుట ముఖ్యోపాయములు. సిలికోసిస్‌ను క్షయగా పొరబడుటయు కలదు. కావున దగ్గుతోను ఆయాసముతోను వైద్యుని యొద్దకు పోవు రాతిపనివాడు తాను చేయు పని యేదో, ఎన్నేండ్లుగా చేయుచున్నాడో మొదటనే చెప్పవలెను. ఇది సిలికోసిస్ యగునా యని అడుగవలెను.

పందొమ్మిది ఖండముల పదము నోట బట్టుట ముచ్చటయే. రాతిపని సాగు ప్రతి యూరను ఆ నాలుగు ఖండముల పదము అందరి నోటను నిలుచుట అవసరము.